సర్కారువారి దుద్దు మింగిన మాస్టారు

పూర్వం శిలామతి అని ఒక మహా నాటకకర్త ఉండేవాడట. పూర్వం అంటే ఎప్పుడని అడక్కూడదు. అడిగినవాళ్లకి తలో శతాబ్దం చెప్పి పండితులు జుట్లు పట్టుకున్నారు. ఏ ఊరివాడని అసలే అడక్కూడదు. ఆయన నాటకాలు దొరికినవాళ్లు లేరు గానీ ఆయన కథ తెలియనివాళ్లూ లేరు.

నాటకాలు రాయక ముందు శిలామతి వట్టి మొద్దు. మామూలు మొద్దు కాదు, ఎద్దుని మేపుకురమ్మంటే తీసుకెళ్లి దాని నీడకి కట్టేసిన మొద్దు. పొద్దు గుంకింది, నీడ మాయమైంది. శిలామతి ఎద్దు పక్కనే కూలబడి, "అయ్యో, కట్టుకొయ్యని ఎత్తుకుపోయి ఎద్దుని వదిలేశారే! ఎంత వెర్రి దొంగలో పాపం!" అని జాలిపడ్డాడు. గుట్ట మీది అమ్మవారు అది విని పకపకా నవ్వింది. నవ్విన నవ్వుకి తల ఊగి, చెవి దుద్దు ఊడి, కింద శిలామతి తాగుతున్న గంజిలో పడింది. వాడు చూసుకోకుండా గటగటా తాగేశాడు. అంతే, ఆనాటి నుంచి వాడు ఆవులిస్తే శ్లోకం, తుమ్మితే అంకం.

ఈ కథ విని నవ్వుకుని, చాప దులుపుకుని పడుకోవడం మన పద్ధతి. ప్రభుత్వ ఉత్తర్వు తీయడం రాష్ట్ర సంస్కృత నాటక పరిషత్తు పద్ధతి.

ఆ పరిషత్తుకి బెజవాడలో పెద్ద భవనం ఉంది. భవనంలో వెలుతురు కళ్లు చెదిరే రంగస్థలం ఉంది. రంగస్థలానికి తెర ఉంది, తెర లాగడానికి ఇద్దరు మనుషులున్నారు, వాళ్లు సమయానికి వచ్చారో లేదో చూడడానికి ఒక సూపరింటెండెంటు ఉన్నాడు. లేనిదల్లా నాటకం. ఆస్థాన నాటకకర్త రాసిందే అక్కడ ఆడాలని నియమం. ఆ పదవి ఎప్పట్నుంచో ఖాళీ.

కొత్తగా వచ్చిన సంచాలకులు ఉగ్రనారాయణ గారు అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. అక్కడ చెరువుల్లో చేపపిల్లల్ని వదిలి, దిగుబడి పెంచి, శాలువా కప్పించుకున్నారు. వచ్చిన వారంలోనే శిలామతి కథ విని, సమావేశం పెట్టారు.

"వెయ్యేళ్లుగా శిలామతి స్థాయి నాటకకర్త ఈ నేల మీద ఎందుకు ఉత్పత్తి కాలేదు?" అని అడిగారు.

అందరూ బల్ల మీది బిస్కట్ల వైపు చూశారు.

"ముడిసరుకు లోపం! మనం పండితుల్ని వేస్తున్నాం, పండితులే పైకి తేలుతున్నారు. శిలామతి విషయంలో మూల పదార్థం ఏమిటి? మూఢత్వం. కావున మూఢుల్ని సేకరించాలి."

"మరి అమ్మవారి అనుగ్రహమండీ?" అన్నాడు సూపరింటెండెంటు భయంభయంగా.

"దానికి దేవాదాయశాఖ వారితో సమన్వయం చేసుకుంటాం. అది సెకండ్ ఫేజ్."

ఉత్తర్వు వచ్చింది. "ఆస్థాన నాటకకర్త పదవులు మూడు భర్తీ చేయబడును. అభ్యర్థి నిస్సందేహముగా మూఢుడై ఉండవలెను. సదరు మూఢత్వము తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారిచే ధ్రువీకరింపబడవలెను. ఇతర రాష్ట్రముల మూఢులు అనర్హులు."

ఆ ప్రకటన ఉన్న పేపరు గోదావరి లంకల్లో గుర్రపుతిప్ప అనే ఊరికి పకోడీల పొట్లంగా చేరింది. పొట్లం విప్పినవారు ఓగిరాల నరసయ్య మాస్టారు. ఆయన అక్కడి పాఠశాలలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. మీసం నల్లగా ఉన్న రోజుల్లో 'ఛత్రాపహారం' అనే సంస్కృత నాటకం మొదలుపెట్టి, మీసం తెల్లబడ్డాక ముగించారు. ఒక రాజు మారువేషంలో ప్రియురాలి ఇంటికి బయల్దేరి, జడివానలో చిక్కుకుని, తన కాపలావాడి గొడుగునే దొంగిలించి, ఆ కాపలావాడి చేతికే చిక్కడం అందులో కథ. ఆ నాటకం రంగస్థలం మీద ఒక్కసారి ఆడితే చూడాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. బంగారం అడగలేదు, భూమి అడగలేదు. ఆడాలి, అంతే.

పకోడీలు చల్లారిపోతున్నాయి. మాస్టారు కాగితం చదివి భార్య సోమిదేవమ్మకి వినిపించారు. ఆవిడ బెండకాయలు తరుగుతోంది.

"ఏవిటీ, మూఢులే కావాలిటా?"

"నిస్సందేహంగా మూఢులు కావాలిట."

"ఇన్నాళ్లకి మీకు సరిపడ్డ ఉద్యోగం పడిందన్నమాట. పెట్టండి దరఖాస్తు!"

"వేళాకోళం కాదే. ఆస్థాన కవి రాసిందే ఆ రంగస్థలం మీద ఆడతారు. ఇంకోళ్లది గడప తొక్కనివ్వరు. మన ఛత్రం ఆడాలంటే ఇదొక్కటే దారి."

సోమిదేవమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. పెళ్లైన కొత్తలోంచీ ఆ నాటకం వింటోంది ఆవిడ. పప్పు రుబ్బుతూ మొదటి అంకం, పెరుగు చిలుకుతూ రెండో అంకం. కథానాయిక మాటలన్నీ ఆవిడకి నోటికి వచ్చు.

"వినీ వినీ చెవులు కాయలు కాచాయి. ఒక్కసారి కళ్లకి కూడా పని పెట్టండి," అంది. "మూఢుడనే అనిపించుకోండి. పోయేదేవుంది, ఊళ్లో అందరూ అనుకుంటున్నదేగా!"

అనుకుంటున్నారని మాస్టారికి తెలియదు. వీఆర్వో సూరన్న విచారణకి వచ్చిన రోజున తెలిసింది.

సూరన్న టీ కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చుని, "నరసయ్య మాస్టారు మూఢుడని తెలిసినవాళ్లు వచ్చి చెప్పండెహె," అని కేకేశాడు. మాస్టారు పక్కనే నిలబడ్డారు. ఎవరూ రాకపోతే పని ఎలా అవుతుందా అని ఆయన బెంగ.

ముందు కిరాణా కొట్టు వీర్రాజు వచ్చాడు. "తెలీకపోడవేటండీ! కందిపప్పు తూకంలో పొరపాట్న ఎక్కువ పడిపోతే మిట్టమజ్జానం ఎండలో వెనక్కొచ్చి ఇచ్చేసి ఎల్లాడండీ. బుర్రున్నోడు సేసే పనేనా?"

పొరుగు రైతు వచ్చాడు. "ఆరి కొబ్బరితోట గట్టు నేను ఓ బారెడు లోపలికి జరిపేనండీ. గొడవకొత్తాడని కర్రట్టుకుని కూకుంటే, 'పోన్లేరా, నీకు దారి బావుంటుంది' అనేసి ఎల్లిపోయాడు. నాకే సిగ్గేసి మళ్లీ ఎనక్కి జరుపుకున్నాను."

బడి పంతులు వచ్చాడు. "పరీక్షల్లో ప్రెసిడెంటు గారబ్బాయి చీటీ పెడితే పట్టుకున్నారండి. పట్టుకుంటే పట్టుకున్నారు, పట్టుకున్నట్టు పైకి రాశారండి!"

జనం ఘొల్లున నవ్వారు. తర్వాత మంగలి, ఆ తర్వాత పడవ సరంగు. మాస్టారి మొహం చిన్నబోయింది. "ఒక్కడైనా 'అబ్బే, మా మాస్టారు అలాంటివారు కారండీ' అనలేదురా సూరన్నా," అన్నారు.

"ఊరుకోండి మాస్టారూ! ఆదాయం సర్టిఫికెట్టుకి ఇద్దరు సాచ్చులు దొరకరు. మీకు ఊరూరంతా తరలొచ్చింది. మీ అదృష్టం ఎవరికుందండీ!"

తహసీల్దారమ్మ కళ్లజోడు పైకి తోసుకుని, "మూఢత్వం పుట్టుకతో వచ్చిందా, మధ్యలో సంక్రమించిందా?" అని అడిగింది.

మాస్టారు తటపటాయిస్తుంటే సోమిదేవమ్మ అందుకుంది. "పుట్టుకతోనేనమ్మా. మా మావగారు ఇంతకన్నా. ఇల్లు తగలబడుతుంటే తాళపత్రాలు బయటికి తెచ్చి, తలుపు గడియ పెట్టి మరీ వచ్చారు."

"వంశపారంపర్యం," అని రాసి ముద్ర గుద్దింది తహసీల్దారమ్మ.

రాతపరీక్ష అయ్యాక, బెజవాడలో ఇంటర్వ్యూకి జనం తిరనాళ్లలా వచ్చారు. పరిషత్తు ఆవరణలో ఒక ఎద్దుని తెచ్చి నిలబెట్టారు. ప్రతి అభ్యర్థీ దాన్ని దాని నీడకి కట్టి చూపించాలని ప్రాక్టికల్. ఆ రోజు మబ్బు పట్టింది. నీడ సరఫరా లేనందువల్ల ప్రాక్టికల్ రద్దు చేయడమైనదని గోడకి కాగితం అంటించారు. ఎద్దు ఆ కాగితాన్ని తినేసింది. అంత జనంలో సమయస్ఫూర్తి చూపించింది అదొక్కటే.

వరండాలో మాస్టారి పక్కన శశిభూషణ్ అనే కుర్రాడు కూర్చున్నాడు. గుంటూరులో మూఢత్వానికి కోచింగ్ తీసుకున్నాడట. "రాతపరీక్షలో నాకు సున్నా వచ్చిందండీ, స్టేట్ ఫస్టు!" అన్నాడు గర్వంగా. "ఒక్కటి కూడా రైటవకూడదంటే అన్నిటికీ రైటు ఆన్సరు తెలిసుండాలి కదండీ. రాత్రింబవళ్లు చదివాను. నిజం మూఢులందరూ ఏదో ఓటి గుడ్డిగా రైటు పెట్టేసి పోయారు."

అటు పక్కన బుల్లబ్బాయి అనే భారీ మనిషి ఉన్నాడు. ఉగ్రనారాయణ గారి బావమరిది. ఏమడిగినా నోరు విప్పలేదు. ఆఖరికి, "నోరిప్పితే పని సెడిపోద్దని మా బావ సెప్పాడండి," అన్నాడు.

మాస్టారి వంతు వచ్చింది. లోపల ఉగ్రనారాయణ గారు, ఇటూ అటూ ఇద్దరు సభ్యులు. ముందు వెళ్లినవాళ్లు చొక్కాలు తిరగేసుకుని, చెప్పులు చేతులకి తొడుక్కుని నానా విన్యాసాలు చేసి ఉండడం వల్ల బోర్డు అలసిపోయి ఉంది.

"తమరి మూఢత్వమును సోదాహరణముగా వివరించండి," అన్నారు ఉగ్రనారాయణ గారు.

మాస్టారు చేతులు కట్టుకున్నారు. "నాకు చేతనైంది ఒకటేనండీ. సంస్కృతంలో ఓ నాటకం రాశాను."

"ఎన్నాళ్లు రాశారు?"

"యవ్వనమంతా పట్టిందండీ."

"ఎవరైనా రాయమన్నారా?"

"ఎవరూ అనలేదండీ."

"మీ ఊళ్లో సంస్కృతం ఎంతమందికి వచ్చును?"

"నాకొచ్చండీ. మా ఆవిడకి సగం వచ్చు."

"దీనివల్ల తమరికి కలిగిన ఆదాయం?"

"దీపం నూనె ఖర్చండీ."

"అయినా ఇంకా ఆడిస్తారని ఆశ ఉందా?"

"ఉందండీ," అన్నారు మాస్టారు, కళ్లు మెరిపిస్తూ.

ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అందరికన్నా పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంత స్వచ్ఛమైన సరుకు నేను నా సర్వీసులో చూడలేదు," అన్నాడు. మాస్టారికి మొదటి స్థానం, శశిభూషణ్‌కి రెండోది, బుల్లబ్బాయికి బంధుత్వాన్ని బట్టి మూడోది వచ్చాయి.

ఇక సెకండ్ ఫేజ్. అమ్మవారి దుద్దుని ఉత్తర్వుల్లో 'తాటంకము' అన్నారు. తాటంకాల సరఫరాకి టెండరు పిలిచారు. అందరికన్నా తక్కువకి కోట్ చేసినవాడు చిలకలపూడి గిల్టు దుద్దులు తెచ్చాడు. కుడిచెవి దుద్దా, ఎడమచెవి దుద్దా అన్నదాని మీద ఉపసంఘం వేశారు. కుడివైపు కూర్చున్న సభ్యులు కుడి అన్నారు, ఎడమవైపు వాళ్లు ఎడమ అన్నారు. మధ్యలో కూర్చున్నాయన ముక్కుపుడక కావచ్చునేమో అన్నాడు. ఆయన్ని ఇంకో ఉపసంఘానికి బదిలీ చేశారు.

అసలు చిక్కు అమ్మవారు నవ్వడం. దగ్గర్లో ఉన్న గుట్ట గుడినే ఖాయం చేశారు గానీ, అందులో అమ్మవారిని ఎలా నవ్వించాలి? దేవాదాయశాఖ నుంచి జవాబు వచ్చింది. "అమ్మవారి తరఫున సమస్త వ్యవహారములు నిర్వహించుటకు కార్యనిర్వహణాధికారి అధికృతుడు గావున, నవ్వుట కూడా సదరు అధికారియే నిర్వహించును."

ఆ అధికారి సర్వీసులో ఎన్నడూ నవ్వి ఎరగడు. ఆ రోజు గుడి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "హ. హ. హ," అని మూడుసార్లు నవ్వి, నవ్వినట్టు సంతకం పెట్టాడు. గుమాస్తా మూడు గంజి ముంతల్లో మూడు దుద్దులు వేశాడు. శశిభూషణ్ కళ్లు మూసుకుని తాగాడు. బుల్లబ్బాయి ఇంకొంచెం గంజి అడిగాడు. మాస్టారు ఛత్రాపహారాన్ని తలుచుకుని, వేపరసం తాగినట్టు తాగేశారు.

ఆ దుద్దు మర్నాటికల్లా ప్రకృతి ధర్మాన్ని అనుసరించి గుర్రపుతిప్ప నేలలో కలిసిపోయింది. ఆ సంగతి మాస్టారికీ, ఆ నేలకీ, సోమిదేవమ్మకీ తప్ప ఇంకో కంటికి తెలియదు.

నియామకపు ఉత్తర్వు చేతపట్టుకుని, చంకలో నాటకం పెట్టుకుని మాస్టారు ఉగ్రనారాయణ గారి గదిలోకి వెళ్లారు. "అయ్యా, ఇదిగోనండీ నాటకం. ఎప్పుడు ఆడిద్దామంటారు?"

"ఇది అనుగ్రహానికి పూర్వం రాసినదా, తరువాత రాసినదా?"

"పూర్వమేనండీ."

"పూర్వం తమరి స్థితి?"

"ఏవుందండీ, మీరు ధ్రువీకరించిన స్థితే."

"అంటే మూఢులు. మూఢుడి రచనను ప్రభుత్వ రంగస్థలం మీద ఆడించమంటారా? రేపు శాసనసభలో ప్రశ్న వస్తే నేనేం చెప్పాలి?"

"పోనీ ఇప్పుడు కొత్తది రాయమంటారా?"

"రాయరాదు. అనుగ్రహం వంటబట్టిందని నిర్ధారణ అయ్యేవరకు తమరు కలం ముట్టరాదు. నిర్ధారణ విధానం ప్రభుత్వ పరిశీలనలో ఉంది."

మాస్టారు మెట్లు దిగి వచ్చి, మూసి ఉన్న రంగస్థలం తలుపుల ముందు నిలబడ్డారు. ఇన్నాళ్లూ ఆ తలుపులు ఎక్కడో దూరాన ఉన్నాయి గనక బాధ తెలియలేదు. ఇప్పుడు చెయ్యి చాస్తే తగులుతున్నాయి. ఇంటికొచ్చి మంచం ఎక్కేశారు. అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నారు.

"చదువుకున్నవాడికి పదవి లేదన్నారు. మూఢుణ్ణయితే మూఢుడివన్నారు. ఇంకేం మిగిలిందే?"

సోమిదేవమ్మ వేళాకోళమాడలేదు. కంచం తెచ్చి పక్కన పెట్టి, "లేవండి. ఖాళీ కడుపున ఏడిస్తే నీరసం వస్తుంది. తిని ఏడవండి," అంది.

ఆయన తిన్నారో, ఏడ్చారో గానీ ఆ నెల్లోనే బెజవాడ నుంచి జీపు వచ్చి మాస్టారిని ఎక్కించుకుపోయింది. పరిషత్తుకి ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి కైలాసరావు గారు సన్నటి మనిషి. కాఫీ కూడా గ్లాసులో ఎంత ఉందో చూసి తాగేవాడు. "తాటంకములు మూడు కొన్నారు. నిల్వ చూపించండి," అన్నాడు.

"మింగారండీ," అన్నాడు సూపరింటెండెంటు.

"మింగేవి వినియోగ వస్తువులు. కాగితాలు, సిరా, బిస్కట్లు. నగలు శాశ్వత వస్తువులు. శాశ్వత వస్తువు నిల్వలో ఉండాలి."

"నిల్వలోనే ఉన్నాయండీ, కడుపుల్లో."

"కడుపులెక్కడ?"

"మనుషుల్లోనండీ."

"మనుషులెక్కడ?"

"ఎవరిళ్లలో వాళ్లండీ."

"ప్రభుత్వ నిల్వ ప్రైవేటు ఇళ్లలోనా!" అని కైలాసరావు గారు కుర్చీలోంచి లేచాడు. అందుకే జీపులు వెళ్లాయి. ముగ్గురినీ తెచ్చి స్టోర్ రూములో విరిగిన కుర్చీలకీ, తుప్పు పట్టిన బీరువాకీ మధ్య కూర్చోబెట్టి, చొక్కాలకి నంబర్లు అంటించారు. దుద్దు లేదని తేలితే ప్రభుత్వ సొత్తు స్వాహా చేసినట్టు కేసు. ఉందని తేలితే తీసి అప్పగించాలి. రెండింటిలో ఏది మేలో మాస్టారు ఎంత ఆలోచించినా తేలలేదు.

ఎక్స్‌రే తీయించారు. మూడు బొమ్మల్లోనూ ఎముకలు తప్ప ఏమీ కనపడలేదు. బుల్లబ్బాయి బొమ్మలో అవీ సరిగ్గా కనపడలేదు. ఉగ్రనారాయణ గారికి ముచ్చెమటలు పట్టాయి. "గిల్టు కదండీ, పడకపోవచ్చు," అన్నారు.

"నేను బొమ్మలు నమ్మను. వస్తువు చూపించండి," అన్నాడు కైలాసరావు గారు.

అప్పుడే సోమిదేవమ్మ కేరేజీలో పులిహోర పట్టుకుని స్టోర్ రూముకి వచ్చింది. మొగుడి చొక్కా మీద నంబరు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏవిటండీ ఈ అవతారం! వేలానికి పెట్టారా?" అని, ఆడిట్ అధికారి వైపు తిరిగింది. "ఎందుకు నాయనా మా ఆయన్ని ఇలా కూర్చోబెట్టావు?"

"లోపల దుద్దు ఉందో లేదో తేలాలమ్మా."

"దానికింత గోలా? మీ ఇంట్లో రేడియో ఉందా? అది బావుందో లేదో తెలియాలంటే విప్పి చూస్తావా, పెట్టి వింటావా?"

కైలాసరావు గారు చటుక్కున ఆగిపోయాడు. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీశాడు. చాలాసేపు వెతికి, తల ఎత్తాడు. "ఉంది. విడదీయుటకు వీలుకాని యంత్రముల విషయమున పనితీరును పరీక్షించి నిల్వను ధ్రువీకరింపవచ్చును."

ఉగ్రనారాయణ గారికి ప్రాణం లేచొచ్చింది. "అద్భుతం! శ్లోకం వచ్చిందంటే దుద్దు ఉన్నట్టే! ఇదే మేము పరిశీలిస్తున్న నిర్ధారణ విధానం!"

"ఒకటి రెండు శ్లోకాలు చాలవు," అన్నాడు కైలాసరావు గారు. "యంత్రం పూర్తి సామర్థ్యంతో, పూర్తి కాలం నడవాలి. మా సిబ్బంది అంతా కూర్చుని చూడాలి. స్టోర్ రూము చాలదు."

"రంగస్థలం ఉందండీ," అన్నాడు సూపరింటెండెంటు.

మాస్టారు చటుక్కున లేచారు. "అయ్యా, పూర్తి కాలం నడిచే నాటకం ఒకటి నా దగ్గరుందండీ..."

"నాటకంగా కుదరదు!" అన్నారు ఉగ్రనారాయణ గారు వేలెత్తి. "పరీక్షా సామగ్రిగా అయితే అభ్యంతరం లేదు."

పులిహోర తింటూ మాస్టారు భార్య చెవిలో గొణిగారు. "లోపల దుద్దు లేదు కదే. అబద్ధం ఆడినట్టవుతుందేమో."

"దుద్దు ఉందని మీరన్నారా? శ్లోకాలు చదువుతానన్నారు. దాన్నిబట్టి దుద్దు ఉందని వాళ్లనుకుంటే వాళ్ల పుణ్యం. తినండి."

వెనకాల నుంచి ఇద్దరు మనుషులు మాస్టారి కాళ్ల మీద పడ్డారు. "మాకు ఒక్క ముక్కా రాదు మాస్టారూ! మా దుద్దులు పనిచెయ్యకపోతే జైలే!" అన్నాడు శశిభూషణ్. "మా బావ కూడా ఏం సెయ్యలేడంటండి," అన్నాడు బుల్లబ్బాయి.

మాస్టారు వాళ్లని లేవదీసి ఎగాదిగా చూశారు. వేషధారులు కాళ్ల దగ్గరికే వచ్చి పడ్డారు! కోచింగ్ కుర్రాడికి కాపలావాడి వేషం ఇచ్చారు. వాడు చదువరి, ఇట్టే పట్టేశాడు. బుల్లబ్బాయికి విదూషకుడి వేషం. సంస్కృత నాటకాల్లో రాజు సంస్కృతం మాట్లాడితే, ఆడవాళ్లూ విదూషకుడూ ప్రాకృతం మాట్లాడడం ఆచారం. ప్రాకృతం అంటే ఆనాటి ఇంటి మాట. బుల్లబ్బాయి నోట్లో అది కొబ్బరి ఉండలా గుండ్రంగా తిరిగింది. రాజు మాస్టారే. కథానాయిక మాత్రం దొరకలేదు. గొంతు సన్నం చేసి అది కూడా తనే చదువుదామనుకున్నారు.

పరీక్ష నాడు ముందు వరసలో ఆడిట్ సిబ్బంది కలాలు పట్టుకుని కూర్చున్నారు. వెనక డ్రైవర్లు, తోటమాలులు, పక్క ఆఫీసుల వాళ్లు చేరారు. దులిపించుకుని దులిపించుకుని విసుగెత్తిన ఆ తెర మొదటిసారి పనిమీద పైకి లేచింది. మాస్టారు చొక్కా నంబరు మీదే పట్టు కండువా వేసుకుని వచ్చి, నాంది శ్లోకం అందుకున్నారు.

"ఒకటో శ్లోకం. వచ్చింది," అని రాసుకున్నాడు కైలాసరావు గారు.

శశిభూషణ్ గొడుగు పట్టుకుని వచ్చాడు. పక్కన పెట్టి కునికాడు. మాస్టారు మునివేళ్ల మీద వచ్చి గొడుగు ఎత్తుకుపోతూ, దొరక్కుండా అదే గొడుగు చాటున దాక్కున్నారు. డ్రైవర్లు పగలబడ్డారు. భాష ఎవడిక్కావాలి, యజమాని గొడుగులు మోసినవాళ్లు వాళ్లు. బుల్లబ్బాయి పొట్ట అడ్డం వేసి కాపలావాడిని దారి మళ్లిస్తుంటే తోటమాలులు ఈలలేశారు. రాసుకుంటున్న కలాలు ఒక్కటొక్కటే ఆగాయి. కైలాసరావు గారి మీసం కింద ఏదో కదిలింది. ఆయన చప్పున చేత్తో మూశాడు.

మూడో అంకం వచ్చింది. ఎత్తుకొచ్చిన గొడుగుతో రాజు ప్రియురాలి గుమ్మంలో నిలబడి, "ఎవరక్కడ?" అన్నాడు. ఇప్పుడు ఆవిడ జవాబు చెప్పాలి. మాస్టారు గొంతు సన్నం చేయబోతే దగ్గొచ్చింది. మళ్లీ ప్రయత్నించారు. ఆనందమో ఏమో, గొంతు పూడుకుపోయి గాలి తప్ప మాట రాలేదు. ఉగ్రనారాయణ గారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడు రెండో వరసలోంచి, "గొడుగుతో వచ్చిన దొంగ ఎవరో, గొడుగు కింద ఉన్న రాజుగారినే అడుగుతున్నాను!" అన్న భావం వచ్చే ప్రాకృత వాక్యం గలగలా వినపడింది. సోమిదేవమ్మ చేటంత మొహంతో లేచి నిలబడింది. మాస్టారు తేరుకుని ఆవిడవైపు తిరిగి రాజు మాట అందుకున్నారు. ఆవిడ విసిరింది. ఆయన పట్టారు. ఇద్దరూ అలా సభ మధ్య నుంచే మాటకి మాట అనుకుంటుంటే, వంటింట్లో మొగుడూ పెళ్లాలు కీచులాడుకున్నట్టే ఉంది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఆపండి!" అన్నాడు కైలాసరావు గారు. "ఈవిడెవరు? నిల్వలో లేదే! లోపల తాటంకం లేకుండా ఎలా పలుకుతోంది?"

సోమిదేవమ్మ చెంపల మీది జుట్టు వెనక్కి తోసి రెండు చెవులూ చూపించింది. "నా దుద్దులు ఇవిగో నాయనా, బయటే ఉన్నాయి. మా పుట్టింటివాళ్లు పెట్టినవి. మీ సర్కారు సొమ్ము కాదు."

కైలాసరావు గారు దగ్గరికి వచ్చి, కళ్లజోడు సవరించుకుని, రెండు దుద్దుల్నీ పరీక్షగా చూశాడు. రాసుకున్నాడు. "బయటి రకం. సొంతవి. ఇవియును పనిచేయుచున్నవి. కొనసాగించవచ్చును."

కొనసాగించారు. రాజు పట్టుబడ్డాడు, కాపలావాడికి గొడుగుతోబాటు హారమూ దక్కింది, విదూషకుడికి భోజనం దక్కింది. తెర దిగాక జనం లేవలేదు. అయిపోయిందని సూపరింటెండెంటు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

ఆడిట్ నివేదిక ఇలా వచ్చింది. "తాటంకములు మూడును మంచి స్థితిలో నిల్వయందున్నవి. అయితే ఇట్టి సున్నిత వస్తువుల పనితీరు ఎప్పటికప్పుడు చూచుచుండవలెను. గావున ప్రతి సంవత్సరము ఆర్థిక సంవత్సరారంభమున ఇదే రంగస్థలముపై, ఇదే సామగ్రితో, పూర్తి కాలపు పరీక్ష తప్పనిసరి."

ఆనాటి నుంచి ఏటా ఛత్రాపహారం ఆడుతూనే ఉంది. నాటకం అని మాత్రం ఎవరూ అనకూడదు. బెజవాడ జనం దాన్ని దుద్దుల పరీక్ష అంటారు, పిల్లాజెల్లాతో వెళ్లి కూర్చుంటారు. ఉగ్రనారాయణ గారికి ఇంకో శాలువా వచ్చింది. ఆయన ఇప్పుడు ఉద్యానశాఖలో ఉన్నారు. కొబ్బరిచెట్టు కింద కూర్చుని ఎవరికో ఏదో సిద్ధించిందన్న కథ విన్నారని భోగట్టా.

మొదటి పరీక్ష అయిన సాయంత్రం, మాస్టారు దంపతులు ఊరెళ్లే బస్సెక్కారు. చొక్కా మీది నంబరు ఇంకా ఊడలేదు. మాస్టారు కిటికీ పక్కన కూర్చుని, తనలో తను నవ్వుకుంటున్నారు.

"చూశావుటే! ఆ సన్నటాయన కూడా నవ్వాడు. నేను చూశాను, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు."

"నవ్వాడు లెండి. మీరు ఆ సంబరంలో మొదటి అంకంలో వాన కురిసే శ్లోకాలన్నీ వదిలేశారు."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "వదిలేశానా?"

"చుక్క వాన పడలేదు. ఎర్రటెండలో రాజుగారు గొడుగెందుకు దొంగిలించాడో దేవుడికే తెలియాలి."

మాస్టారు కిటికీ వదిలి ఇటు తిరిగారు. "అవునే. మరి అంతమందిలో ఒక్కరూ అడగలేదే!"

సోమిదేవమ్మ కేరేజీ మూత బిగిస్తూ అంది, "ఆడిట్ వాళ్లకి గొడుగు లెక్క కావాలి గానీ వాన లెక్క ఎందుకండీ?"